మోదుగ చెట్టుకు దొరగారి పేరు

మొన్న బీరువా సర్దుతుంటే అడుగు అరలోంచి ఒక పాత అట్టపెట్టె బయటపడింది. డిగ్రీలో నేను చేసిన హెర్బేరియం షీట్లు, అంటే ఎండబెట్టిన మొక్కల్ని అంటించిన అట్టలు, అందులో ఉన్నాయి. సగం పురుగులపాలయ్యాయి. తుమ్మిపువ్వు షీటు మీద అంటించిన టేపు ఉంది, తుమ్మిపువ్వు లేదు. ఉమ్మెత్త పొడి పొడి అయిపోయింది. ఒక్క మోదుగ షీటు మాత్రం పెద్దగా చెడిపోకుండా మిగిలింది. నల్లబడిపోయిన పూలగెల, పక్కన మడతపెట్టిన చిన్న కాగితం పొట్లం, కింద కుడి మూలన లేబులు. ఆ లేబులు మీద రెండు సిరాలు. నీలం నాది, ఎరుపు మా మాస్టారిది. నీలంతో రాసిన రెండు మాటల్లో రెండోదాన్ని ఎర్ర సిరా అడ్డంగా కొట్టేసింది.

ఆ కొట్టివేత చూడగానే నలభై ఏళ్ళ కిందటి ఫాల్గుణం కళ్ళముందుకొచ్చింది.

మా అమ్మమ్మగారిది తూర్పుగోదావరి మెట్టలో ఒక చిన్న ఊరు. కాలువ నీళ్ళెరగని నేల. ఊరు దాటితే జీడితోటలు, తుప్పలు, ఆ వెనక మోదుగ చెట్లు. ఎవరూ నాటినవి కావు. వంకర టింకరగా, బెరడు పగిలి, ఎండాకాలం ముందు వరకూ ఎవరి కంటికీ ఆననట్టు నిలబడి ఉంటాయి. శివరాత్రి దాటేసరికి ఆకంతా రాలిపోయి, ఒంటిమీద నూలుపోగైనా లేని ఆ కొమ్మలకు నిప్పంటుకుంటుంది. దూరం నుంచి చూస్తే తుప్పల మధ్య ఎవరో మంటలు వేసినట్టే ఉంటుంది.

పిల్లలకు ఆ పూలే ఆట. మొగ్గ దొప్ప నల్లగా, మఖమల్ గుడ్డలా మెత్తగా ఉంటుంది. అందులోంచి వంకీ తిరిగిన నారింజ రంగు రేక బయటికొస్తుంది. అది అచ్చం చిలక ముక్కు. నల్లటి దొప్ప తలకాయ. రెండు పూలు ఎదురెదురుగా పట్టుకుని చిలకల పోట్లాట పెట్టేవాళ్ళం. ఎవరి ముక్కు ముందు ఊడితే వాళ్ళు ఓడినట్టు. నీళ్ళలో వేసి మరిగిస్తే పసుపూ కాషాయం కలిసిన రంగొచ్చేది. దాన్ని ఒకరిమీద ఒకరం చల్లుకుంటే చొక్కాల మీద మరకలు పడి ఇంట్లో తిట్లు.

అమ్మమ్మకు మాత్రం ఆ పూలంటే లక్ష్యమే లేదు. "వాసనా పాడా, తల్లో పెట్టుకోడానిక్కూడా పనికిరాదు" అనేది. ఆవిడ చూపంతా ఆకుమీద. పూలు రాలాక కొత్త చిగురు వచ్చి, ఆకు ముదిరి, అరచెయ్యంత అయ్యేదాకా రోజులు లెక్కపెట్టుకునేది. అప్పుడు గోనెసంచీ తీసుకుని బయల్దేరేది. కాడకు మూడేసి ఆకులు. మధ్యదాన్ని ఒక పక్కా, పక్కవాటిని ఇంకో పక్కా దొంతులు పెట్టి, నీడలో ఆరబెట్టి, మధ్యాహ్నాలు వీధరుగు మీద కూర్చుని ఈనెపుల్లలతో విస్తళ్ళు కుట్టేది. పుల్లని ఎక్కడ గుచ్చాలో, ఎక్కడ తుంచాలో చేతివేళ్ళకే తెలుసు. మాట్లాడుతూనే కుట్టేది, కునుకు తీస్తూ కూడా కుట్టేదని మా పెద్దమామయ్య వేళాకోళం చేసేవాడు. ఎండిన మోదుగాకు వాసన, దానిమీద వేడన్నం పడ్డప్పుడు వచ్చే ఇంకో వాసన, ఆ రెండూ నాకిప్పటికీ వేర్వేరుగా గుర్తు.

డిగ్రీకి కాకినాడ వచ్చాను. వృక్షశాస్త్రం నేను కోరుకున్నది కాదు. వచ్చిన మార్కులకు దొరికింది. జగన్నాథపురంలో, వంతెన దిగి కొంచెం లోపలికెళ్ళాక ఒక పెంకుటింటి వెనకగదిలో ముగ్గురం అద్దెకుండేవాళ్ళం. ఆ వీధుల్లో రెండు వందల ఏళ్ళ కిందట ఎవరు తిరిగారో, ఎవరు చనిపోయారో అప్పుడు నాకేం తెలుసు? సాయంత్రం ఉప్పుటేరు మీంచి వచ్చే చేపల వాసనొక్కటే తెలుసు.

మొక్కల వర్గీకరణ చెప్పే మాస్టారు సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎప్పుడూ తెల్ల పొట్టిచేతుల చొక్కా. ఆయన పాఠంలో సగం పేర్లే. పేరు చెప్పి, దాని అర్థం చెప్పి, ఆ పేరు ఎవరు పెట్టారో చెప్పి, అప్పుడుగానీ మొక్క దగ్గరికి వచ్చేవారు కాదు. వెనక బెంచీల వాళ్ళం "ఈయన మొక్కలకు బారసాల చేస్తున్నాడ్రా" అనుకుని నవ్వుకునేవాళ్ళం. 1753లో స్వీడన్ దేశపు లినేయస్ తన పుస్తకంలో ప్రతి మొక్కకూ రెండు మాటల పేరు పెట్టాడనీ, అంతకుముందు ఒక్కో మొక్క పేరు ఒక వాక్యమంత ఉండేదనీ, మొదటి మాట ఇంటిపేరులాంటిది, రెండోది సొంత పేరులాంటిదనీ ఆయన చెప్పినది మాత్రం బుర్రలో ఉండిపోయింది. మన తెలుగువాళ్ళలాగే ఇంటిపేరు ముందు పెట్టుకున్నారన్నమాట అని ఒకడు అంటే, మాస్టారు చాలా సంతోషించారు.

శివరాత్రి సెలవులకు వెళ్ళి, మోదుగ పూలగెల ఒకటి కోసుకొచ్చాను. వార్తాపత్రికల మధ్య పెట్టి, మీద ట్రంకుపెట్టె ఎత్తి నొక్కాను. ఆ పువ్వు కండ ఉన్న పువ్వు, నీరెక్కువ. రోజూ కాగితం మార్చాలి. నేను రెండు రోజులు మార్చి మూడోరోజు సినిమాకి వెళ్ళిపోయాను. నిప్పులా ఉన్నది కాస్తా బొగ్గులా తయారయింది. ఆ బొగ్గునే అట్టకు కుట్టి, లైబ్రరీలో ఉన్న ఒక పాతకాలపు వృక్షజాల గ్రంథంలో వెతికి, అందమైన దస్తూరీతో 'బ్యూటియా ఫ్రాండోసా' అని రాసి తీసుకెళ్ళాను.

మాస్టారు షీటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. నల్లబడ్డ పువ్వు గురించి అంటారేమోనని నేను భయపడుతున్నాను.

"ఫ్రాండోసా అంటే ఏమిటోయ్?" అన్నారు.

"తెలీదండీ."

"లాటిన్‌లో దానికి ఆకులు నిండుగా ఉన్నది అని అర్థం. ఏదీ, నీ కొమ్మకు ఒక్క ఆకు చూపించు."

చూశాను. ఒక్కటీ లేదు. ఉండదు కూడా. మోదుగ పూసేటప్పుడు ఆకుండదని పుట్టినప్పటినుంచీ తెలిసినవాణ్ణి, ఆకుల పేరు రాసి తెచ్చాను. క్లాసంతా నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు. ఎర్ర పెన్ను తీసి ఫ్రాండోసాను కొట్టేసి, పైన 'మోనోస్పర్మా' అని రాశారు. "ఇది సరైన పేరు. దీని అర్థం నేను చెప్పను. కాయలు ఎండాక ఒకటి పట్రా, అదే చెబుతుంది" అన్నారు. లేబులు మీద స్థానిక నామం అన్న చోట నేను 'మోదుగ' అని రాశాను కదా, దాని పక్కన చిన్నగా ఇంకో ప్రశ్న రాశారు. 'ఎవరు చెప్పారు?' ఊళ్ళలో పేరు అడిగి రాసుకున్నప్పుడు, చెప్పినవాళ్ళెవరో కూడా రాసుకోవాలని ఆయన పట్టుదల. మోదుగ పేరు ఒకరు చెప్పాలా అని నాకు చిరాకేసింది. దాన్ని ఖాళీగానే వదిలేశాను.

ఎండాకాలం సెలవుల్లో ఊరెళ్ళాను. చెట్టుమీద పువ్వు మాయమై లేత ఆకుపచ్చ బిళ్ళల్లాంటి కాయలు వేలాడుతున్నాయి. కొన్ని అప్పటికే ఎండి గోధుమ రంగుకు తిరిగాయి. చిక్కుడుకాయలా పొడుగ్గా, రేకులా పల్చగా, చేతిలో బరువే తెలీదు. అరుగుమీద కూర్చుని ఒకటి చీల్చబోతుంటే అమ్మమ్మ కళ్ళెత్తకుండానే అంది.

"మొదట్లో ఏం వెతుకుతావురా, అక్కడేం ఉండదు. తలకాయలో చూడు. ఒక్కటే ఉంటుంది."

చూశాను. కాడవైపంతా ఉత్త తొక్క. చివర మాత్రం కొంచెం ఉబ్బి ఉంది. అక్కడ చీలిస్తే పల్చటి, గుండ్రటి గోధుమరంగు గింజ ఒకటి, ఒక్కటే. ఇంకో కాయ చీల్చాను. అంతే. పది చీల్చాను. పదిట్లోనూ ఒకటే. చిక్కుడు, కంది, పెసర జాతి అన్నాక కాయలో వరసగా గింజలుండాలి కదా. ఇది మాత్రం ఒక్కదాన్నే చివర పెట్టుకుని, మిగిలిన కాయనంతా రెక్కలా చేసి గాలికి ఎగరడానికి వదిలేసింది. మోనో అంటే ఒకటి, స్పర్మా అంటే గింజ. రెండూ గ్రీకు మాటలు. డిక్షనరీ చూడకుండా నాకు అర్థమైన మొదటి శాస్త్రీయనామం అదే. అదీ అమ్మమ్మ నోట ముందు విని.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"మీ అమ్మకి చిన్నప్పుడు కడుపులో పురుగులు పడితే ఈ గింజలే కదా నూరి పోశాను. ఒక్కో కాయకి ఒక్కోటే దొరుకుతుంటే ఎన్ని ఏరానో నాకు తెలుసు" అంది, పుల్ల తుంచుతూ.

కాలేజీ తెరిచాక ఆ ఎండుకాయని పొట్లం కట్టి షీటుకు అంటించాను. మాస్టారు విప్పి చూసి, తల ఊపి, అప్పుడు అసలు కథ చెప్పారు. మోనోస్పర్మా అన్న మాట ఫ్రాన్సులో లామార్క్ అనే శాస్త్రవేత్త పెట్టినది, 1780ల్లో. ఆయన ఈ దేశం రాలేదు. పువ్వు రంగు చూసి దీన్ని ఎరిత్రైనా అనే జాతిలో కలిపాడు. ఎరుత్రోస్ అంటే గ్రీకులో ఎరుపు. తర్వాత రాక్స్‌బరో అనే వృక్షశాస్త్రవేత్త దీన్ని వేరుచేసి, బ్యూటియా ఫ్రాండోసా అని 1795లో అచ్చువేశాడు. వందేళ్ళపాటు ఆ పేరే చలామణీ అయింది. నేను చూసిన పాత గ్రంథంలోనూ అదే ఉంది. కానీ వృక్షశాస్త్రంలో ఒక ధర్మం ఉంది. జాతి మారినా, మొదట పెట్టిన రెండో మాటను వదలకూడదు. అందుకని 1894లో జర్మనీకి చెందిన టౌబర్ట్ రాక్స్‌బరో ఇచ్చిన ఇంటిపేరునీ, లామార్క్ ఇచ్చిన సొంతపేరునీ కలిపి కుట్టాడు. పేరు చివర బ్రాకెట్లలో లామ్ అనీ, బ్రాకెట్ల బయట టౌబ్ అనీ రాసేది అందుకే.

"మరి బ్యూటియా అంటేనో సార్? అందమైనదనా?" అని అడిగాను. బ్యూటీ అనుకున్నాను మరి.

మాస్టారు మొదటిసారి పకపకా నవ్వారు. "కాదోయ్. బ్యూట్ అని ఇంగ్లండులో ఒక దొరగారు. ఆయన పేరు. ఆయన ఈ చెట్టుని కంటితో చూళ్ళేదు" అన్నారు.

అంతటితో ఆ విషయం అక్కడే ఆగిపోయింది. పరీక్షలో మోదుగ రాలేదు కూడా. తర్వాత నేను బ్యాంకు పరీక్ష రాసి అంకెల్లో పడిపోయాను. కానీ ఆ దొర ఎవరన్న కుతూహలం ఎక్కడో నలుసులా మిగిలే ఉంది. పదవీ విరమణకు దగ్గరపడ్డాక తీరిగ్గా వెతకడం మొదలుపెట్టాను.

జాన్ స్టువర్ట్, మూడవ బ్యూట్ ప్రభువు. 1713లో పుట్టిన స్కాట్లండ్ మనిషి. మూడవ జార్జి రాజు కాకముందు అతనికి గురువు. శిష్యుడు సింహాసనం ఎక్కాక గురువు ప్రధానమంత్రి అయ్యాడు, 1762 మేలో. ఏడాది కూడా నిలవలేదు, 1763 ఏప్రిల్‌లో దిగిపోయాడు. జనానికి ఆయనంటే ఎంత మంటో చెప్పలేం. ఆయన పేరు పలికితే బూటు అన్నట్టే వినిపిస్తుంది కాబట్టి లండన్ వీధుల్లో పెద్ద బూట్లు చేసి తగలబెట్టేవాళ్ళు. ఆ సంగతి చదువుతుంటే నాకు తెగ నవ్వొచ్చింది. ఎవరి పేరుమీద అక్కడ మంటలు వేశారో, ఆయన పేరే ఇక్కడ మంటలా పూసే చెట్టుకు తగిలించారు. రాక్స్‌బరో ఆ ఉద్దేశంతో పెట్టలేదు లెండి.

న్యాయంగా చెప్పాలంటే బ్యూట్‌కు మొక్కల పిచ్చి నిజంగానే ఉండేది. రాజకీయం కంటే అదే బాగా తెలుసు. లండన్ పక్కనున్న క్యూ తోట పెరగడంలో ఆయన చెయ్యి ఉంది. 1785లో బ్రిటన్ మొక్కల మీద తొమ్మిది సంపుటాల పుస్తకం సొంత డబ్బుతో వేయించి, పన్నెండంటే పన్నెండు ప్రతులు అచ్చు కొట్టించాడు, తనకు నచ్చినవాళ్ళకు పంచడానికి. లినేయస్ అప్పటికే ఇంకో పూలమొక్కకు స్టువార్టియా అని ఆయన పేరు పెట్టాడు, అదీ అక్షరదోషంతో. మోదుగ పేరు రాక్స్‌బరో పుస్తకానికెక్కేసరికి బ్యూట్ పోయి మూడేళ్ళయింది.

ఇక్కడ నాకు ఒక తేదీ దగ్గర కన్ను నిలిచిపోయింది. బ్యూట్ పదవి దిగిన 1763లోనే పారిస్‌లో అడాన్సన్ అనే వృక్షశాస్త్రవేత్త పుస్తకం వచ్చింది. అందులో ఇదే చెట్టుకు ఆయన పెట్టిన జాతిపేరు 'ప్లాసో'. అది మోదుగకు మన సంస్కృతంలో ఉన్న పలాశ అన్న మాటే. 17వ శతాబ్దంలో కొచ్చిలో ఉన్న డచ్చి అధికారి వాన్ రీడ్ మలబారు మొక్కల మీద వేయించిన మహాగ్రంథంలో అలా రాసుకున్నారు, అక్కడినుంచి అడాన్సన్ తీసుకున్నాడు. అంటే, ముందొచ్చిన పేరుదే హక్కన్న మాస్టారి ధర్మాన్ని ఇంటిపేరుకు కూడా వర్తింపజేస్తే, మొదట వచ్చినది ప్లాసో. బ్యూటియా దానికి మూడు దశాబ్దాలు వెనక. 1891లో కుంట్సే అనే జర్మన్ ఆ న్యాయమే అడిగి 'ప్లాసో మోనోస్పర్మా' అని రాశాడు కూడా. కానీ అప్పటికి బ్యూటియా అందరి నోళ్ళలో, అన్ని పుస్తకాల్లో నానిపోయింది. ఇప్పుడు మారిస్తే గందరగోళమని, నియమానికి మినహాయింపు ఇచ్చి బ్యూటియానే ఉంచి, ప్లాసోను తోసిపుచ్చారు. శాస్త్రానికి అది సౌకర్యమే, కాదనను. అయినా పలాశకు తన పేరు తనకు దక్కబోయి తప్పిపోయిందంటే నాకు ఈరోజుకీ కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఇంకొకటి కూడా ఉంది. 1757లో క్లైవ్ గెలిచిన ప్లాసీ యుద్ధం మనం బళ్ళో చదివాం కదా. ఆ ఊరి అసలు పేరు పలాశీ. మోదుగ చెట్ల వల్లే ఆ పేరొచ్చిందంటారు. మోదుగల ఊరు కంపెనీ చేతిలోకి వెళ్ళిన ఐదేళ్ళకు ప్రధానమంత్రి అయినాయన పేరు మోదుగ చెట్టు మీదికి వచ్చింది. పెట్టినాయన ఆ కంపెనీ ఉద్యోగే.

ఆ ఉద్యోగి రాక్స్‌బరో ఎక్కడున్నాడనుకున్నారు? సామర్లకోటలో! 1781 నుంచి 1793 దాకా. నేను కాకినాడ నుంచి ఊరెళ్ళే ప్రతిసారీ బస్సు కిటికీలోంచి చూసిన సామర్లకోట. వైద్యుడిగా వచ్చి మొక్కల్లో పడిపోయాడు. మిరియాలు, కాఫీ, నీలిమందు, ఏవేవో పెంచి చూశాడు. 1787లో కోరంగి వైపు సముద్రం పొంగి ఊళ్ళ మీద పడ్డప్పుడు ఆయన పుస్తకాలు, రాతలు కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టాడు. ఇక్కడి చిత్రకారులతో వందల బొమ్మలు వేయించి లండన్ పంపితే, వాటిలోంచి 300 ఎంచి కోరమండల్ తీరపు మొక్కలంటూ మూడు పెద్ద సంపుటాలుగా వేశారు. అందులో 21వ బొమ్మ మోదుగ. ఆ బొమ్మ చూశాక నేను చాలాసేపు కదల్లేకపోయాను. మా తుప్పల్లోని చెట్టే. నల్లటి దొప్ప, వంకీ ముక్కు, అన్నీ. అది వేసిన చెయ్యి ఏ తెలుగువాడిదో, పేరు లేదు. దొరల పేర్లు మాత్రం చెట్లకు కూడా ఉన్నాయి.

జగన్నాథపురం సంగతి ఇంకా వింత. లినేయస్ దగ్గర చదువుకున్న కోనిగ్ అనే ఆయన 1768లో తమిళ తీరంలోని తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి, ఈ తీరమంతా మొక్కల కోసం తిరిగి, 1785లో జగన్నాథపురంలో జబ్బుచేసి పోయాడు. ఆఖరి రోజుల్లో వైద్యం చేసింది రాక్స్‌బరోయే. రోజూ మనం కూరలో వేసుకునే కరివేపాకు శాస్త్రీయనామంలో కోనిగై అని ఉండేది ఆయనే. కరివేపాకు లేనిదే మా గదిలో చారు కూడా కాచేవాళ్ళం కాదు. ఆ పేరుగలాయన ఆ పేటలోనే కన్నుమూశాడని తెలియడానికి నాకు యాభై దాటాల్సి వచ్చింది.

అప్పట్లోనే ఈ మనుషుల పేర్ల గోల ఎందుకన్నవాడు ఒకడున్నాడు. కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్. ఈ దేశపు చెట్లకు ఈ దేశపు పేర్లే ఉంచండి అని వాదించాడు. ఆయన 1794లో చనిపోతే, ఆయన మీద గౌరవంతో రాక్స్‌బరో ఏం చేశాడంటే, అశోక చెట్టుకు 'జోన్సియా అశోకా' అని పేరు పెట్టాడు! జోన్స్ ఉండుంటే ఏమనేవాడో. తర్వాత అదీ నిలవలేదు. ఆ చెట్టు ఇప్పుడు శరాకా అశోకా. జోన్స్ వెళ్ళిపోయాడు, అశోక ఉంది. ఆయన కోరుకున్నది సగం నెరవేరినట్టే. తెలుగు మాట జాతిపేరుగా ఎక్కిన సందర్భమూ ఒకటుంది. సోమిద మాను, దాని పేరు సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. రెండో మాటకు జ్వరాన్ని తరిమేదని అర్థం. మొదటి మాట మనదే, కొంచెం నోరు తిరగక వంకరపోయింది.

ఇదంతా చదివాక మాస్టారితో ఒక్క విషయంలో నాకు పేచీ మిగిలింది. ఆయన లేరు కాబట్టి ఇక్కడే చెప్పుకుంటాను. ఫ్రాండోసా అని రాసినందుకు నాకు అక్షింతలు పడ్డాయి కదా. పలాశ అన్న సంస్కృతం మాటకు అసలు అర్థం చూస్తే, ఆకు! ఆ చెట్టును ఆకుగానే పిలిచారు మనవాళ్ళు. దీన్నే సంస్కృతంలో కింశుకం అన్నవాడు ఫాల్గుణంలో చూసి 'ఇదేమన్నా చిలకా?' అని ఆశ్చర్యపోయినవాడు, మా పిల్లమూక లాంటివాడు. పలాశ అన్నవాళ్ళు వానాకాలంలో ఆకు కోసుకున్నవాళ్ళు, మా అమ్మమ్మ లాంటివాళ్ళు. మోనోస్పర్మా అన్నవాడు పారిస్‌లో కూర్చుని గింజ లెక్కపెట్టినవాడు. మరి సామర్లకోటలో ఏళ్ళతరబడి ఉన్న రాక్స్‌బరోకు ఫ్రాండోసా తోచిందంటే తప్పేముంది? ఏడాదిలో ఎన్నో నెలలు అది ఆకుల చెట్టే. నేను రాసింది పాతపేరు, కొట్టేయాల్సిందే. కానీ 'ఆకు ఏదీ' అని అడగడం మాత్రం ఆ పేరుకు అన్యాయం, మాస్టారూ.

రెండు మాటల పేర్లు కనిపెట్టింది లినేయస్ అంటే కూడా ఇప్పుడు పూర్తిగా ఒప్పుకోను. అడవిలో మోదుగ బంధువు ఒకటుంది, చెట్టుకాదు, పెద్ద తీగ. దాన్ని తీగమోదుగ అంటారు. రాక్స్‌బరో దాన్ని బ్యూటియా సుపెర్బా అన్నాడు, అంటే మహా గొప్పదని. దాన్నీ దీన్నీ ఒకే ఇంటిపేరులో కలపాలని ఆయనకు లాటిన్‌లో తోచింది, మనవాళ్ళకు తెలుగులో ఎప్పుడో తోచింది. ముళ్ళమోదుగ కూడా ఉంది. అది లామార్క్ మోదుగను కలిపిన ఎరిత్రైనా జాతిదే. అంటే లామార్క్ చేసిన పొరపాటు మనవాళ్ళూ చేశారు. ఎర్రటి పువ్వు, మూడాకుల కాడ, ఎవరికైనా అలాగే అనిపిస్తుంది మరి.

ఆ షీటు దగ్గరికే మళ్ళీ వస్తాను. కాయ పొట్లం అంటించి మాస్టారికి చూపించినప్పుడు, ఆయన వేలు 'ఎవరు చెప్పారు?' అన్న ఎర్ర అక్షరాల మీద పెట్టి ఊరుకున్నారు. ఖాళీ నింపితేగానీ సంతకం పెట్టరని అర్థమైంది. అక్కడే నిలబడి, పక్కవాడి పెన్సిలు తీసుకుని 'మా అమ్మమ్మ' అని రాశాను. ఆయన 'మా'ని మాత్రం కొట్టేసి, పక్కన ఆవిడ పూర్తిపేరు రాయించారు. సంతకం పెట్టారు.

దసరాకు వెళ్ళినప్పుడు అమ్మమ్మకు చెప్పాను, కాలేజీ కాగితం మీద నీ పేరెక్కిందని. విస్తరి కుడుతున్న చెయ్యి ఆగింది.

"నా పేరా? దేనికీ?"

"మోదుగ పేరు నువ్వే చెప్పావని."

"అదేవిట్రా, ఊళ్ళో అందరికీ తెలిసిందేగా." కాసేపాగి, "ఇంకెవరి పేర్లున్నాయి?" అంది.

"ఒక దొర పేరుంది. చెట్టుకి ఆయన పేరే పెట్టారు."

"ఆయనేం చేశాడు చెట్టుకి?"

"ఏం చెయ్యలేదు. చూడను కూడా లేదు."

"పేరు పైన ఎవరిదుంది, ఆయనదా, నాదా?"

"ఆయనదే."

"పోన్లే, దొర కదా" అని, ఇంకో ఆకు తీసుకుని, ఈనెపుల్ల నోట్లోంచి తీసి గుచ్చింది.